నోరున్న ఫోను

సూర్యాపేట బస్టాండులో మునగాల బస్సు ఎక్కబోతుంటే డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "టీచర్, మన కండక్టరమ్మ పోయింది. నిన్న పొద్దున, మిర్యాలగూడల" అన్నాడు. ఏ కండక్టరమ్మ అని నేను అడగలేదు. మిర్యాలగూడ నుంచి కోదాడ మీదుగా సూర్యాపేట వచ్చే ఆ బస్సులో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకు కండక్టరమ్మ అంటే ఒక్కరే. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పి, ఎక్కిన కాలు దించి, మిర్యాలగూడ బస్సు ఆగే చోటికి నడిచాను.

ఆమె పేరు నాకు తెలుసు. కానీ పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. నాకామె అక్క, ఆమెకు నేను టీచర్. ఇక్కడ కూడా అట్లాగే రాస్తాను.

ఆమె గురించి చెప్పాలంటే గొంతుతోనే మొదలుపెట్టాలి. నూలు చీర మీద ఖాకీ కోటు, దాని జేబులో నాలుగు లవంగాలు, చేతిలో టికెట్ మిషను. మనిషి పొట్టి. బస్సు కిక్కిరిసి ఉంటే ఆమె కనపడేది కాదు, వినపడేది. "ముంగటికి జరుగుండ్రి. ముంగట బస్సు ఇంకా ఉన్నది" అనేది. ఆ మాటకు నవ్వుకుంటూనే జనం జరిగేవాళ్లు. అరిచినట్టు ఉండేది కాదు. వేములపల్లిలో నాట్లకు పోయిన రోజుల్లో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషితో మాట్లాడిన గొంతని తనే చెప్పేది. ఇంకో కారణం కూడా చెప్పేది. ఆమె భర్త రైస్ మిల్లులో మిషన్ల దగ్గర పనిచేసి సగం చెవులు పోగొట్టుకున్నాడు. "ఇంట్ల ఒక్కణ్ని పిలవాలంటే బస్సు మొత్తాన్ని పిలిచినట్టు పిలవాలె టీచర్" అనేది.

పంతం పడితే ఆమె గొంతు పెంచేది కాదు. ఆగిపోయేది. ఒకసారి మునగాలలో కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ లోపలికి రామన్నారు. ఆమె అరచేత్తో బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది. బస్సు ఆగింది. చేతులు కట్టుకుని నిలబడింది.

"లోపలికొస్తె పోదాం."

"మాకు లేటయితుంది మేడం."

"నాకు అయితలేదు. నిలబడ్డా డ్యూటీయే, ఉరికినా డ్యూటీయే."

జనం గొణిగారు. డ్రైవర్ వెనక్కి చూశాడు. ఆమె కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ ఒక లవంగం నోట్లో వేసుకుంది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. వాళ్లను ఒక్క మాట అనలేదు.

ఆ గొంతు ఒక వానాకాలంలో బొంగురుపోయింది. రోడ్డు దుమ్ము అనుకున్నాం. నెలలు గడిచినా తగ్గలేదు. మెడ దగ్గర గడ్డ కనపడింది. హైదరాబాద్ దవాఖానలో చూపించుకుని వచ్చిన మరునాడు డ్యూటీ ఎక్కి, నాకు టికెట్ కొడుతూ చెప్పింది.

"టీచర్, నా గొంతు తీసేస్తరట. గడ్డ దాని లోపలికి పాకిందట. తీస్తెనే బతుకుతనట."

ఆమె టికెట్ చింపి చేతికిచ్చి, "మీ ఇల్లు చప్పుడు లేని ఇల్లేనా?" అని అడిగింది.

ఆపరేషన్‌కు ముందు తన మాటలు కొన్ని ఫోన్లో దాచుకోవాలని ఆమె ఆలోచన. వాళ్లింటి వెనకే మిల్లు, రోజంతా హోరు. అందుకని సెలవు రోజున భర్తనూ బిడ్డనూ తీసుకుని సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. బిడ్డ అప్పుడు ఇంటర్ చదువుతోంది. మాట పెదవి దాటని పిల్ల. ఏదడిగినా రెండోసారి అడిగితే తప్ప జవాబు వినపడేది కాదు. యాప్ వెతికింది ఆ పిల్లే. తెర మీద రంగురంగుల డబ్బాలు ఉంటాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో మాట నింపుకోవచ్చు. నొక్కితే ఆ మాట మన గొంతుతోనే వస్తుంది.

నేను ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, అవసరపడతాయని కొన్ని మాటలు కాగితం మీద రాసి పెట్టాను. మంచినీళ్లు కావాలి, నొప్పిగా ఉంది, డాక్టర్‌ను పిలవండి. ఆమె చదివి కాగితం పక్కన పెట్టేసింది.

"నీళ్లు కావాలంటే చెంబు చూపిస్త. నొప్పి మొఖం చూస్తె తెలుస్తది. చేతులతోటి చెప్పరానివే గొంతుతోటి చెప్పాలె."

ఆమె ఎంచుకున్న మాటలు వేరు. "ఎందుకు?" అన్నది ఒకటి. "వద్దు" ఒకటి. "ఆగు, నా మాట ఇంకా కాలే." "చెవులు మంచిగనే ఉన్నయ్, మెల్లగ మాట్లాడు." "అన్నం తిన్నవా?" ప్రార్థనలో అనడానికి "ఆమెన్". "ముంగటికి జరుగుండ్రి" కూడా చెప్పింది. ఇదెందుకక్కా అంటే, "దవాఖానల లైను ఉండదా?" అంది. "బిడ్డా" అని మూడు రకాలుగా పిలిచింది. దూరం నుంచి పిలిచేది, కోప్పడేది, పొద్దున నిద్ర లేపేది. నిద్ర లేపే పిలుపు అంటున్నప్పుడు ఆ పిల్ల ఫోన్ పట్టుకునే తల పక్కకు తిప్పుకుంది.

చివర్న నవ్వు కావాలంది. ఎంత ప్రయత్నించినా రాలేదు. "ఇది దొంగ నవ్వు, తీసెయ్యి" అంటూ మళ్లీ మొదలుపెట్టేది. ముందు గదిలో కూర్చున్న భర్తకు లోపల ఏం జరుగుతుందో సరిగ్గా వినపడలేదు. ఉన్నట్టుండి, "నవ్వుడు అయిపోయిందా? ఇగ ఏడ్సుడు కూడ నింపుతరా?" అని గట్టిగా అడిగాడు. ఆమె నవ్వింది. బొంగురు గొంతుతోనే, కుర్చీ కదిలేటట్టు నవ్వింది. పిల్ల ఆలోపే రికార్డు బటన్ నొక్కేసింది.

ఆపరేషన్ అయింది. మెడ కింద శ్వాసకు రంధ్రం, దాని మీద ఎప్పుడూ తెల్లటి పలచని గుడ్డ. డాక్టర్లు గొంతుకు ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు. దాంతో మాట వచ్చేది కానీ తుమ్మెద రొద పెట్టినట్టు ఉండేది. ఆమె దాన్ని బీరువాలో పెట్టేసింది. కొన్ని నెలలకు తేలిక పని కింద కోదాడ బస్టాండులో విచారణ కిటికీ దగ్గర వేశారు. ఖాకీ కోటు పట్టీకి చిన్న స్పీకర్ తగిలించుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చునేది. పొడుగు మాట ఏదన్నా ఉంటే టైపు చేసి చూపించేది.

మొదటి రోజు చూడాలని నేను బడి ఉన్న మునగాలలో దిగకుండా కోదాడ దాకా వెళ్లాను. కిటికీ ముందు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆమె ఒక డబ్బా నొక్కింది. "ముంగటికి జరుగుండ్రి. ముంగట బస్సు ఇంకా ఉన్నది." లైనులో ఉన్న ముసలమ్మ ఒకామె బస్సు వచ్చిందనుకుని మూట ఎత్తుకుంది. అక్క నా వైపు చూసింది. వెంటనే ఇంకో డబ్బా వెతికి నొక్కింది. ఆ కిటికీలోంచి ఆమె నవ్వు బయటికొచ్చింది.

ఆ నవ్వు నేను వినడం అదే ఆఖరు.

ఒక ఆదివారం మిర్యాలగూడలో చర్చికి పోయి, ప్రార్థన చివర ఆమెన్ నొక్కితే ఏమీ రాలేదట. మళ్లీ నొక్కింది. డబ్బా ఖాళీ. మధ్యాహ్నం బిడ్డను తీసుకుని మా ఇంటికి వచ్చింది. పిల్ల ఫోన్ నా ముందు పెట్టి, "ఛార్జింగ్ పెట్టినప్పుడు దానంతట అదే అప్‌డేట్ అయ్యింది మేడం" అంది. యాప్ రంగు మారింది, డబ్బాల ఆకారం మారింది. కొత్త యాప్ మొదటి పేజీలోని మాటలను తెచ్చుకుంది, రెండో పేజీని వదిలేసింది. ఆమెన్ పోయింది. అన్నం తిన్నవా పోయింది. నిద్ర లేపే పిలుపు పోయింది. నవ్వు పోయింది.

మాకు తెలిసిన చోటల్లా వెతికాం. యాప్ తయారుచేసినవాళ్లకు రాశాం. జవాబు రాలేదు. మిగిలిన మాటలన్నా భద్రం చేద్దామని నేను వాటిని మోగిస్తూ నా ఫోన్లో రికార్డు చేసి వినిపించాను. బావిలోంచి వస్తున్నట్టు ఉంది. ఆమె చేయి అడ్డంగా ఊపింది. తన పెదాలు కదిపి చెప్పిన మాట నాకు అర్థమైంది. "అది నేను గాదు."

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. చాలాసేపు ఖాళీ డబ్బాలను వేలితో తడిమి, తర్వాత టైపు చేసి చూపించింది.

"మార్చుమని దాన్ని ఎవరడిగిన్రు?"

కింద ఇంకో వరస.

"దీన్ని బంద్ చేసుడు ఎట్ల? నువ్వు చెయ్యకు. నాకు నేర్పు."

నాకూ అంతగా తెలియదు. ముగ్గురం కలిసి వెతికాం. యాప్‌లు వాటంతట అవి మారకుండా ఒకచోట ఆపాలి. ఫోన్ మొత్తం మారకుండా ఇంకోచోట ఆపాలి. ఆ రెండోది ఎక్కడో లోపల దాగి ఉంది. ఒకే వరస మీద పదే పదే నొక్కితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఆమె నొక్కింది. దారి మర్చిపోకుండా మొదటి నుంచి మళ్లీ మళ్లీ పోయి వచ్చింది. అప్‌డేట్లు ఆపేస్తే ఫోన్‌కు భద్రత తగ్గుతుంది, దొంగలు దూరే వీలుంటుంది అని నా బాధ్యతగా చెప్పాను. ఆమె టైపు చేసింది. "నా నోట్ల దూరి ఏం దోచుకుంటరు?"

కానీ నా మాట వదిలెయ్యలేదు. ఆలోచించింది. వారం తిరగకుండా వేరే ఫోన్ తెచ్చుకుని సిమ్ అందులో వేసింది. బ్యాంకు, డిపో మెసేజీలు, అన్నీ అందులోకి మార్చింది. దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసేది కూడా. పాతదాంట్లో సిమ్ లేదు, నెట్ లేదు. ఎప్పుడూ విమానం గుర్తు వెలుగుతూ ఉండేది. ఒకటి లోకానికి, ఒకటి నోటికి అని టైపు చేసి చూపించేది.

అంత చేసినా పాత ఫోన్ ఊరుకోలేదు. ఎన్నడో వచ్చిన అప్‌డేట్ ఒకటి అందులో కూర్చుని, నాలుగు రోజులకోసారి తెర మీద తల ఎత్తేది. ఆమె దాన్ని వేలితో పక్కకు నెట్టి, యాప్ తెరిచి, "వద్దు" అన్న డబ్బా నొక్కేది. ఆ చిన్న విచారణ గదిలో, ప్రయాణికుల ముందు, తన గొంతుతో తన ఫోన్‌కే వద్దని చెప్పేది.

"అది వినదు కద అక్కా" అన్నాను ఒకరోజు.

"నేను వింట కద" అని టైపు చేసింది.

ఎండాకాలంలో పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత పైకి లేచింది. రిపేరుకు ఎవరికీ ఇవ్వడానికి ఆమెకు మనసు ఒప్పలేదు, అట్లాగే వాడితే పేలుతుందని నేను భయపెట్టాను. బడి అయ్యాక నేను కోదాడ వెళ్లాను. బస్టాండు పక్కన ఉన్న రిపేరు షాపుకు ఇద్దరం పోయాం. షాపాయన నడి వయసువాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి, ముందు నలుగురైదుగురు జనం. అక్క తన రెండో ఫోన్లో రాసింది చూపించింది. "బ్యాటరీ ఒక్కటే మార్చు. ఇంకేం ముట్టొద్దు." ఆయన మొదటి మాట చదివి, సరేనని తల ఊపాడు.

బ్యాటరీ మార్చాడు. ఫోన్ వెలిగింది. నేను గోడకు వేలాడుతున్న కవర్లు చూస్తున్నాను. ఆయన అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడాలని విమానం గుర్తు తీసేసి షాపు వైఫై కలిపినట్టుంది. అప్‌డేట్ కనపడింది. అంత పాతది చూసి, ఎవరికైనా చేసినట్టే, మేలు చేద్దామని నొక్కాడు.

అద్దాల బల్ల ఇవతల నుంచి అక్క అది చూసింది. తెర మీద నీలం గీత నిండుతోంది. ఆమె పెదాలు కదిలాయి. శబ్దం లేదు. ఆయన తల ఎత్తలేదు, పక్కనున్న మనిషికి ఛార్జర్ తీసిస్తున్నాడు. ఆమె మాట్లాడాల్సిన నోరు ఆయన ముందున్న బల్ల మీద ఉంది. చేతిలో ఉన్న ఫోన్లో టైపు చేసేంత సమయం లేదు. అరచేయి ఎత్తి ఆ అద్దం బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది.

షాపంతా ఆగిపోయింది. ఆయన చేతిలోని ఛార్జర్ కిందపడింది.

"ఏమైందండి?" అన్నాడు నన్ను చూసి.

"అప్‌డేట్ ఆపండి. ముందు అది ఆపండి."

"సగం పైన దిగిపోయిందండి. ఇంత పాతది వాడకూడదు, ఫోన్ పాడవుద్ది. మంచికే చేశాను."

అక్క చేయి చాపి ఫోన్ తీసుకుంది. యాప్ తెరిచి ఒక డబ్బా నొక్కింది.

"ఆగు, నా మాట ఇంకా కాలే."

ఆయన ఫోన్ వైపు చూశాడు. ఆమె మొఖం చూశాడు. తర్వాత మెడ కింది గుడ్డ చూశాడు. ఆమె ఇంకో డబ్బా నొక్కింది.

"వద్దు."

ఆయన స్టూలు ఎక్కి, గోడ మీదున్న వైఫై డబ్బా వైరు పీకేశాడు. వెనక ఎవరో, "నెట్ పోయిందన్నా" అన్నారు. "పోలేదు, నేనే తీశా. కాసేపు ఆగండి" అని దిగి వచ్చి, ఫోన్ ఇమ్మని రెండు చేతులూ చాపాడు. ఆమె కొంచెంసేపు ఆలోచించి ఇచ్చింది.

అప్పటికే దిగిన అప్‌డేట్ ముక్కలు ఫోన్లో ఉన్నాయి. అవి పొరపాటున ఎక్కాయంటే యాప్ తెరుచుకోదని, ఇంత పాత యాప్ కొత్తదాంట్లో నడవదని ఆయనే చెప్పాడు. ఒక్కొక్కటీ తీసే ముందు తెర ఆమె వైపు తిప్పేవాడు. ఆమె తల ఊపితేనే నొక్కేవాడు. మేం ఆపకుండా వదిలేసిన సెట్టింగు ఒకదాన్ని కూడా వెతికి ఆపాడు. ఇక ఒకసారి ఫోన్ ఆపి తెరవాలి. "తీసేశానమ్మా, ఎక్కదనే అనుకుంటున్నా" అన్నాడు. అక్క బల్ల అంచు పట్టుకుంది. తెర నల్లబడింది. కంపెనీ గుర్తు వచ్చింది. అది ఎంతకీ పోలేదు. తర్వాత పాత తెర, పాత డబ్బాలు వచ్చాయి.

ఆమె నొక్కింది. "బిడ్డా." దూరం నుంచి పిలిచే పిలుపు. షాపులో ఉన్న ఒక ఆడపిల్ల వెనక్కి తిరిగి చూసింది.

అక్క స్టూలు మీద కూలబడింది. అరచేయి ఎర్రగా కందిపోయి ఉండడం అప్పుడు చూశాను. బస్టాండుకు నడుస్తుంటే నన్ను ఆపి టైపు చేసి చూపించింది. "ఆయన మీద కోపం లేదు. మంచికే అన్నడు. నాకు మంచికే చేసేటోళ్లతోనే భయం."

ఆ తర్వాత ఏడాదిన్నర ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. మళ్లీ జబ్బు వచ్చింది, ఈసారి ఊపిరితిత్తుల్లో. డ్యూటీ మానేసి మిర్యాలగూడ ఇంట్లోనే ఉండిపోయింది. చూడ్డానికి పోయినప్పుడు భర్త మంచం పక్కన కూర్చుని, స్పీకర్‌కు చెవి ఆనించి ఉండేవాడు. ఆమె నొక్కేది, ఆయన జవాబు చెప్పేవాడు. "ఎందుకు?" అని నొక్కితే పొద్దుటి నుంచి ఏం చేశాడో అంతా చెప్పుకొచ్చేవాడు. ఆమె కళ్లు మూసుకుని వినేది.

ఒకరోజు నేను ఉండగానే బిడ్డను పిలిచి రెండో ఫోన్లో రాసింది చదవమని చేతికిచ్చింది. పిల్ల చదివి నాకిచ్చింది. "నేను పోయినంక ఈ పాత ఫోన్ దాచిపెట్టకు. బంద్ చేసినయి అన్నీ తెరువు. అప్‌డేట్ చేసుకుని వాడుకో. అది నేను బతికినంత సేపే నా నోరు. తర్వాత ఫోనంటే ఫోనే." ఆమె పిల్ల మొఖంలోకే చూస్తూ ఉంది. పిల్ల తల ఊపింది.

మట్టి చేసిన రోజు నేను ఆ ఫోన్ గురించి అడగలేదు. నెల దాటాక ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు సూర్యాపేటలో డిగ్రీ చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. టీ తాగుతూ క్లాసుల సంగతి, నాన్న సంగతి చెప్పింది. నాన్న మిల్లు మానలేదట. మానితే ఇంట్లో పిలిచే గొంతు లేదని అన్నాడట. సంచిలోంచి ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టుకోవచ్చా అని అడిగింది. పాత ఫోనే.

"అమ్మ చెప్పినట్టు చేసినవా?" అన్నాను.

"చెయ్యలే మేడం."

"మరి ఆమెకు మాటిచ్చినవ్ కద."

"తల ఊపిన. మాటియ్యలే."

ఆ జవాబు రెండోసారి అడగకుండానే నాకు వినపడింది. ఆ పిల్ల ఛార్జర్ గుచ్చి, తెర కిందికి లాగి, విమానం గుర్తు వెలుగుతుందో లేదో చూసుకుంది.

"అమ్మ కోప్పడేది తెలుసా" అన్నాను.

"కోప్పడనియ్యుండ్రి" అంది. "ఆమె ఎవరి మాట విన్నదని, నేను ఆమె మాట ఇనాలె?"